పదిహేనోవాడు

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
అక్టోబర్ 9, 1988

అమ్మా పద్మినీ,

ఏడేళ్ళుగా ఉగాదికో కార్డు, జనవరికో కార్డు తప్ప ఇంకేమీ పంపని ఈ పిలుపువరస అన్నయ్య ఇవాళ ఇంత లావు కవరు ఎందుకు పంపాడా అని తిప్పి తిప్పి చూసి ఉంటావు. కంగారు పడకు. నేనూ మీ వదిన రాధారాణీ కులాసాగానే ఉన్నాం. ఆవిడ మోకాళ్ళు ఆవిడ మాట వినవు, ఆవిడ నా మాట వినదు. షాంటిలీలో నీ ఉద్యోగం బాగుందనీ, కౌంటీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ నీ చేతిమీదుగానే నడుస్తున్నాయనీ మొన్న పెళ్ళిలో కలిసినవాళ్ళు చెప్పారు. సంతోషించాను.

ఇంతకీ సంగతేమిటంటే, నన్నొక చరిత్రకారుణ్ణి చేశారు. నవ్వకు. ఇక్కడి లైబ్రరీవాళ్ళు ఊరి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. అందులో మా రగ్బీ లీగ్ గురించి ఒక అధ్యాయం ఉండాలన్నారు. మా కెప్టెన్ స్టాన్ నొవాక్ నీకు గుర్తుండే ఉంటాడు, కారు భాగాలకి అచ్చులు చేసే షాపులో పనిచేసే ఆ ఎర్రమెడ పెద్దమనిషి. లైబ్రరీవాళ్ళు అతన్ని అడిగితే నన్ను చూపించాడు. "పుస్తకాలన్నీ డాక్ దగ్గరే ఉన్నాయి. పన్నెండేళ్ళూ ఆయనే సెక్రటరీ" అన్నాడట. డాక్టర్ని కాబట్టి వాళ్ళందరికీ నేను డాక్. తప్పించుకునే దారి లేకపోయింది.

మొదటి భాగం హాయిగా రాశాను. ఈ రాష్ట్రంవాళ్ళని మీ ఊరెక్కడని అడిగితే, మ్యాపులో రాష్ట్రం అరచేతిలా ఉంటుంది కాబట్టి, అరచెయ్యి చాపి చూపిస్తారు కదా, ఆ చేతికి బొటనవేలున్న చోటి ఊళ్ళు నాలుగూ, మా డెట్రాయిట్ పక్క ఊళ్ళు రెండూ కలిసి 1974లో థంబ్ లీగ్ పెట్టుకున్నాయి. ఆరు జట్లు. జీతాల్లేవు, టికెట్లు లేవు, స్టేడియం లేదు. చక్కెరదుంపలు పండించే ఒక రైతు తన పొలం అంచున మైదానం ఇచ్చి, నీళ్ళ పైపులు నిలబెట్టి గోల్‌పోస్టులన్నాడు. అమెరికా రావడానికి ముందు నేను వేల్స్‌లో ఐదేళ్ళు హౌస్ సర్జన్‌గా చేశానని తెలుసుగా. అక్కడ రగ్బీ అంటే పడి చస్తారు. నేను ఒక్కసారీ బంతి ముట్టలేదు కానీ, గట్టున నిలబడి విరిగినవాళ్ళని అతికించడం అలవాటైపోయింది. ఇక్కడా అదే పని దొరికింది.

ఆట మొదలయ్యేముందు రెండు జట్లనూ లెక్కపెట్టి పుస్తకంలో రాయడం నా మొదటి పని. పక్షానికి పదిహేనుమంది. ఒక జట్టుకి పద్నాలుగుమందే వస్తే ఎదుటిజట్టు తన అదనపు మనిషిని అప్పిచ్చేది, అది మా లీగ్ మర్యాద. రెండో పని గాయాల పుస్తకం. ఎవరికి ఎక్కడ తగిలిందో నేను రాసి సంతకం పెట్టాలి. అందులో ఒక నియమం ఉండేది. తలకి దెబ్బ అని రాస్తే ఆ మనిషి మూడువారాలు ఆడకూడదు, కెప్టెన్ కాళ్ళు పట్టుకున్నా సరే. ఆ నియమం తెచ్చిందీ, తెచ్చానని మురిసిపోయిందీ నేనే.

ఆట అయ్యాక ఊరివాళ్ళు వచ్చినవాళ్ళకి భోజనం పెట్టాలి. దాన్ని వాళ్ళు మూడో సగం అనేవారు. అంతసేపూ మెడలు విరగ్గొట్టుకున్నవాళ్ళు పక్కపక్కన కూచుని తినేవారు. మీ వదిన బంగాళాదుంప బజ్జీలు ఆ లీగ్‌లో ఎంత ప్రసిద్ధో నీకు తెలుసు. బజ్జీల కోసమే మా ఊరు వచ్చి ఓడిపోయే జట్లుండేవి.

ఇవన్నీ రాశాను. దామోదర్ వచ్చిన రోజు కూడా రాశాను. 1977 తెలుగువాళ్ళ పిక్నిక్. నన్ను కలవడానికి వచ్చిన స్టాన్ చెట్టుకింద నిలబడి మనవాళ్ళ కబడ్డీ చూస్తున్నాడు. దామోదర్ కూతకెళ్ళి, నలుగురు పట్టుకుంటే నలుగురినీ ఈడ్చుకుంటూ గీత మీద చెయ్యేశాడు. స్టాన్ చేతిలో మొక్కజొన్న పొత్తు కింద పడిపోయింది. "డాక్, ఆ మనిషి పగలు ఏం చేస్తాడు?" అన్నాడు. కారు బ్రేకుల ఇంజనీరన్నాను. "బ్రేకులా?" అని ఆగకుండా నవ్వాడు. మరుసటి శనివారం నీ మొగుడికి పదిహేనో నంబరు చొక్కా తొడిగారు. అందరి వెనకాల ఒంటరిగా నిలబడి, వాళ్ళని తప్పించుకుని వచ్చినవాణ్ణి ఆపాల్సిన స్థానం అది.

అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. 1981 ఏప్రిల్ రాయబోతే కలం నడవడం లేదు. ఇంకో సంగతి. నీకు కాక ఎవరికి చెప్పినా నన్ను మా ఆసుపత్రిలోనే చేర్చుకుంటారు. దామోదర్ పోయాక నా లెక్క తప్పడం మొదలైంది. మా జట్టుని లెక్కపెడితే ఎప్పుడూ ఒకరు ఎక్కువ వచ్చేవారు. మళ్ళీ లెక్కపెడితే సరిపోయేది. ముందు కళ్ళజోడు మార్చాను. 1986 అక్టోబర్‌లో మావాళ్ళు పద్నాలుగుమందే వచ్చారు. నేను పదిహేను లెక్కపెట్టి, పదిహేనని రాసి, సంతకం పెట్టాను. దాంతో ఎవరూ మనిషిని అప్పివ్వలేదు, చిత్తుగా ఓడిపోయాం. ఆట అయ్యాక స్టాన్ పుస్తకం చూసి, "డాక్, ఈ పదిహేనోవాడెవడు?" అని మెల్లిగా అడిగాడు. వెనకాల, దూరంగా, మోకాళ్ళ మీద చేతులాన్చి నిలబడినవాణ్ణి నేను స్పష్టంగా చూశాను. ఆ రోజే పుస్తకాలు తీసుకుని ఇంటికొచ్చేశాను. సెక్రటరీగా ఉండటానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయనీ, కుర్రాళ్ళు టెక్సస్ వెళ్ళిపోయారనీ, అందుకే లీగ్ పోయిందనీ చరిత్రలో రాస్తే సరిపోతుంది. అది అబద్ధమూ కాదు.

అతని పేరు రాయడానికి నీ అనుమతి కావాలి. ఎంతవరకు రాయమంటే అంతవరకే రాస్తాను. మీ వదిన నిన్ను అడిగానని చెప్పమంది. ఆవిడ ఈ ఏడేళ్ళూ పులిహోర కలపడం మానేసింది, చింతపండు పడటం లేదంటుంది. ఉగాదికి కూడా దద్ధ్యోదనమే.

ఆశీస్సులతో,
అచ్యుతరావు

*

షాంటిలీ, వర్జీనియా
అక్టోబర్ 17, 1988

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. పేరు రాయండి. దాచుకోవలసిన పేరు కాదు. ఇక్కడ ఆఫీసులో నాకు పెళ్ళయిందని తెలిసినవాళ్ళు ఇద్దరే. పుస్తకంలోనైనా ఆయన పేరు ఉండనివ్వండి.

ఒక్కటి అడుగుతాను. ఆయన పడిపోయిన ఫైనల్ ఏప్రిల్ పదకొండున. దానికి వారం ముందు, ఏప్రిల్ నాలుగున, సెమీఫైనల్ రోజు గాయాల పుస్తకంలో ఆయన పేరుకెదురుగా మీరేం రాశారు? పుస్తకం మీ దగ్గరే ఉందంటున్నారు కాబట్టి చూసి చెప్పండి. చరిత్రలో అది కూడా రాస్తారా?

వదినగారిని అడిగానని చెప్పండి.

పద్మిని

*

ఫార్మింగ్టన్ హిల్స్
అక్టోబర్ 23, 1988

అమ్మా పద్మినీ,

పుస్తకం తెరిచి చూడక్కర్లేదు. "కుడిభుజం, బెణుకు. ఆడవచ్చు." కింద నా సంతకం.

నిజం అది కాదు. నీ ఉత్తరం వచ్చి మూడురోజులైంది. మూడురోజులూ చొక్కా జేబులో పెట్టుకుని ఆసుపత్రికెళ్ళాను. ఇవాళ ఆదివారం, మీ వదిన గుడికెళ్ళింది. ఆవిడ వచ్చేలోపు రాసేయాలి, లేకపోతే ఇంకో ఏడేళ్ళు పడుతుంది.

మంచు వల్ల ఆగిపోయిన సెమీఫైనల్ అది. నేల సగం బురద, సగం ఇంకా గడ్డకట్టే ఉంది. రెండో సగంలో ఎదుటివాడి మోకాలు దామోదర్ కణతకి తగిలింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. పదిదాకా లెక్కపెట్టాక తెరిచాడు. స్టాన్, రిఫరీ వంగి చూస్తున్నారు. నేను తెలుగులో అడిగాను, "దామోదర్, ఎక్కడున్నాం?" అని. నవ్వుతూ, "తెనాలిలో అండీ, మున్సిపల్ స్కూల్ గ్రౌండ్‌లో" అన్నాడు. "ఏమంటున్నాడు డాక్?" అన్నాడు స్టాన్.

పద్మినీ, ఆ మైదానం మీద తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. "భుజం నొప్పంటున్నాడు" అని చెప్పాను.

ఎందుకలా చెప్పానని ఏడేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. అతను అప్పటికింకా నన్ను బతిమాలలేదు. బతిమాలడం తర్వాత జరిగింది. గట్టున కూచోబెట్టి నీళ్ళిస్తే ఐదునిమిషాల్లో తేరుకున్నాడు. తనది ఏ ఊరో, ఏ సంవత్సరమో, స్కోరెంతో అన్నీ చెప్పాడు. "తల అని రాయకండి డాక్టర్ గారూ. మూడువారాలంటే ఫైనల్ పోతుంది. మా కబడ్డీయే నయం, చచ్చినవాడు కూడా మళ్ళీ బతికొస్తాడు. మీ ఆటలో బయటికెళ్తే అంతే సంగతులు" అన్నాడు. నేను నవ్వాను. కానీ భుజమన్న మాట అతను అడగకముందే నా నోట్లోంచి వచ్చేసింది. ఎందుకంటే నాకు కప్పు కావాలి. వేల్స్‌లో ఐదేళ్ళు గట్టున నిలబడితే ఒక్కడూ నా పేరు సరిగ్గా పలకలేదు. ఇక్కడ మనవాడొకడు అందరికంటే వెనకాల నిలబడి అందర్నీ కాపాడుతుంటే, "అచ్యుత్ తెచ్చిన మనిషి" అని నా భుజం తట్టేవాళ్ళు. ఆ తట్టడం కోసం అబద్ధమాడాను. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

అక్కడితో అయిపోతే, తెలీక చేశాననైనా చెప్పుకునేవాణ్ణి. మంగళవారం మీ వదిన నాకు ఆసుపత్రికి ఫోన్ చేసింది. "పద్మిని ఫోన్ చేసింది. దామోదర్‌కి రెండురోజులుగా వాంతులట. ఆదివారం ఉగాది భోజనంలో నా పులిహోర పడలేదేమో" అంది. తలకి దెబ్బ తగిలిన మూడో రోజున వాంతులంటే ఏమిటో నర్సింగ్ చదువుకునే పిల్లకి కూడా తెలుసు. నాకు తెలుసు. తెలిసీ పులిహోరే అని నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది. వాంతులు ఆగే మందు ఫోన్‌లోనే రాయించాను. మనవాళ్ళకి నేనెప్పుడూ అంతే కదా, చార్టు లేదు, పరీక్ష లేదు, ఫోన్‌లోనే వైద్యం. వేరే పేషెంటైతే పరీక్ష చేయకుండా మాత్ర రాసేవాణ్ణి కాదు. మనవాడు కాబట్టి రాశాను.

శనివారం ఫైనల్. తగిలింది చిన్న దెబ్బ, రిఫరీ ఈలైనా వేయలేదు. లేచాడు, రెండడుగులు వేశాడు, నా వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం ఏమిటో నాకిప్పటికీ తెలీదు. తర్వాత పడ్డాడు. సోమవారం ఆసుపత్రిలో అతను పోయాక నీ చెయ్యి పట్టుకుని, "రాత అమ్మా, ఎవరూ ఏమీ చేయలేరు" అన్నది నేనే. మూడేళ్ళ తర్వాత మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండోది, ఎంత చిన్నదైనా, మెదడు వాచి చంపుతుందని. కారు పార్కింగ్‌లో కూచుని చదివాను.

నిన్ను చూడటానికి వర్జీనియా రాకపోవడానికి కారణం ఇదీ. ఈ ఉత్తరం నీ చేతిలో పెడుతున్నాను. నాకు లైసెన్సిచ్చిన మెడికల్ బోర్డుకి పంపుతావో, చింపేస్తావో, నీ ఇష్టం. క్షమించమని అడగను. అడిగితే అది నీమీద ఇంకో బరువు.

అచ్యుతరావు

*

షాంటిలీ
నవంబర్ 2, 1988

అన్నయ్యగారూ,

మీ ఉత్తరం చదివాక రెండురోజులు ఆఫీసుకి సెలవు పెట్టాను. క్షమించానని రాస్తే మీకు హాయిగా ఉంటుందేమో కానీ, రాయలేను. మీరు ఆరోజు గట్టుమీద ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఆయనకిప్పుడు నలభై నాలుగు. ఆ కోపం నాకుంది. ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో ఒక తప్పుంది. మీకు తెలీదు కాబట్టి అది మీ తప్పు కాదు. ఏప్రిల్ నాలుగున ఆయన ఇంటికి రాగానే నాకంతా చెప్పారు. తెనాలి అన్నానని చెప్పి నవ్వారు. "అచ్యుతరావు గారు భలే కాపాడారు, భుజమని చెప్పారు" అన్నారు. అంటే నాకు మొదటి రోజునుంచీ తెలుసు. పుస్తకంలో మీరేం రాశారని నేనడిగింది తెలీక కాదు. మీరు చెబుతారో లేదో చూద్దామని ఏడేళ్ళుగా ఎదురుచూశాను.

ఆదివారం స్కూల్లో పెట్టిన ఉగాది భోజనాల దగ్గర ఆయన పులిహోర తినలేదు. ఉగాది పచ్చడి నాలిక మీద వేసుకుని, వాసనకే వికారంగా ఉందని స్కూలు పార్కింగ్‌లోకి వెళ్ళి కారు పక్కన కక్కుకున్నారు. సోమవారం పొద్దున నన్ను "ఉషా" అని పిలిచారు. ఉష ఆయన చెల్లెలు. నేను నవ్వితే, ఆయన నవ్వలేదు. మంగళవారం నేను మీ ఇంటికి ఫోన్ చేస్తుంటే పక్కనే నిలబడి, తల సంగతి ఎత్తవద్దని నోటిమీద వేలు పెట్టుకున్నారు. వదినగారు "ఏం తిన్నాడమ్మా?" అని అడిగారు. నా నోటికి పులిహోర అని వచ్చింది.

నేనెందుకు ఆపలేదో కూడా చెప్పాలి. మీకెవరికీ తెలీదు, మార్చిలో ఆయన ఉద్యోగం పోయింది. సెక్షన్ మొత్తం ఎత్తేశారు. రోజూ ఆఫీసు బట్టలు వేసుకుని బయల్దేరి లైబ్రరీలో కూచుని వచ్చేవారు. వీసా ఏమవుతుందో అని ఆ భయం వేరే. వారమంతా మనిషి కాదు. శనివారం ఆ పదిహేనో నంబరు చొక్కా తొడుక్కుంటేనే మళ్ళీ మా ఆయన. ఆ ఒక్క శనివారం కూడా లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. ఫైనల్ రోజు ఆ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది నేను. ఆయన పడిపోయే ముందు మీ వైపు చూశారన్నారు. మీ వెనకాలే నేను నిలబడి ఉన్నాను. మీరు వెనక్కి తిరగలేదు కాబట్టి మీకు తెలీదు. ఆయన చూసింది ఎవర్ని అన్నది నాకూ తెలీదు.

ఇంకోటుంది. ఇది నేను అందరికంటే ఎక్కువ అన్యాయం చేసిన మనిషి సంగతి. సోమవారం ఆసుపత్రి వరండాలో వదినగారు నన్ను పట్టుకుని, "నా పులిహోర వల్ల నీరసపడి, అందుకే పడిపోయాడా తల్లీ?" అని ఏడ్చారు. కాదు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే నిజమంతా బయటికి వస్తుంది, మీ పేరూ నా పేరూ వస్తాయి. నోరు మూసుకున్నాను. ఆవిడకి చింతపండు పడకపోవడమేమీ లేదండీ. ఈ ఉత్తరం మడత పెట్టకముందే లేచి వెళ్ళి ఆవిడకి చెప్పండి.

చరిత్ర రాయండి. తల అని రాయండి. డాక్టరుకి తెలుసనీ, భార్యకి తెలుసనీ రాయండి. ఇద్దరి పేర్లూ రాయండి. ఇంకెక్కడైనా, ఇంకెవరైనా గట్టున నిలబడి ఆ పేజీ చదివితే చాలు.

మీకు ఆయన కనిపించేవారని రాశారు. నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే కష్టంగా తోచింది ఆ మాటే.

మీ చెల్లెలు,
పద్మిని

*

ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 13, 1988

చెల్లెమ్మా,

నువ్వు చెప్పినట్టే ఉత్తరం మడవకముందు లేచి వెళ్ళాను. మీ వదిన కూరలు తరుగుతోంది. నిలబడే చదివి వినిపించాను, నా ఉత్తరంలో రాసిందీ చెప్పాను. చివరిదాకా విని, కత్తి పక్కన పెట్టి, "ఏడేళ్ళు ఇద్దరూ కలిసి నన్ను దోషిని చేశారన్నమాట" అంది. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చూస్తే గిన్నెలో చింతపండు నానుతోంది. నీకు ఫోన్ చేస్తానంది. తిడుతుంది, పడు.

గాయాల పుస్తకంలో భుజం కొట్టేసి తల అని రాశాను. ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టాను. ఆ పేజీ నకలు, మన ఇద్దరి పేర్లతో రాసిన అధ్యాయం లైబ్రరీకిచ్చాను. ఒక ప్రతి మెడికల్ బోర్డుకి నేనే పంపాను. ఆ పని నీమీదికి నెట్టడం తప్పు. స్టాన్ చదివి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిరిగి వస్తాడో రాడో తెలీదు.

నిన్న మీ వదిన కట్టిచ్చిన పులిహోర పట్టుకుని ఆ దుంపల పొలానికి డ్రైవ్ చేశాను. పైపుల గోల్‌పోస్టు ఒకటే మిగిలింది. పాత అలవాటు కొద్దీ గట్టున నిలబడి లెక్కపెట్టాను. పదిహేనోవాడు నిలబడే చోటు చాలాసేపు చూశాను. నీ తరఫున కూడా చూశాను.

ఎవరూ లేరమ్మా. దామోదర్ నాకు నిన్న చనిపోయాడు.

మీ అన్నయ్య,
అచ్యుతరావు